పువ్వు కంటే ప్యూర్ వెజ్ ఏముంటది?



పోస్టు పొడుగ్గా ఉంటది. చివరిదాకా చదవండి. ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన వారం ఒక హోటల్లో మాకు జరిగింది ఇక్కడ నాలుగు లైన్లలో రాశాం. ఓదార్చినవాళ్ళకు థాంక్స్. కానీ చాలామంది సీనియర్ అన్నలు అడిగింది ఒకటే. "అసలు అక్కడికి ఎందుకు పోయిన్రు? హాస్టల్లో మెస్ లేదా? సర్కారు ఇచ్చే పైసలతోటి హోటల్ షోకులేంది?" నిజం చెప్పాలంటే హోటల్ వాళ్ళు అన్న మాట కంటే ఈ మాటే మాకు ఎక్కువ తగిలింది. అందుకే ఈసారి మొత్తం రాస్తున్నాం.

మేం ఐదుగురం ఒకే రూములో ఉంటాం. ఇద్దరం భద్రాచలం వైపు కోయ పిల్లలం, ఒకడు ఉట్నూరు గోండు, ఇద్దరు దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడీలు. మాలో ఒకడు వాళ్ళ గూడెం నుంచి డిగ్రీ మెట్టు ఎక్కిన మొదటివాడు. వాడు రెండో ఏడాది అన్ని పేపర్లూ పాసయ్యాడు. ఆ సంతోషంలో వాళ్ళమ్మ మొదటిసారి హైదరాబాద్ వచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే ఎంజీబీఎస్‌లో దిగింది. చేతిలో ఒక సంచి. నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లు.

అమ్మకి పట్నంలో మంచి భోజనం పెట్టాలని మేం ముందే అనుకున్నాం. బయట మాంసం ఎట్లాంటిదో అని ఆమె తినదు. అందుకే వెతికి మరీ వెజ్ హోటల్‌కి పోయినం. బోర్డు మీద "ప్యూర్ వెజ్" అని పెద్ద అక్షరాలు. లోపల ఏసీ. ముందువైపు మూడు టేబుళ్ళు ఖాళీగా ఉన్నాయి. మమ్మల్ని మాత్రం చేతులు కడుక్కునే చోటి పక్కన టేబుల్‌కి తీసుకుపోయారు. ముందు కూర్చుంటాం అంటే "అవి ఫ్యామిలీలకు" అన్నారు. అమ్మ, కొడుకు, కొడుకు దోస్తులు ఉంటే ఫ్యామిలీ కాదట.

సరే, కూర్చున్నాం. మీల్స్ వచ్చాయి. తింటూ తింటూ అమ్మ సంచిలోంచి ఒక పొట్లం తీసింది. అడ్డాకులో చుట్టి, నారతో కట్టిన పొట్లం. అందులో ఇప్పపువ్వు ఉండలు. వేయించిన ఇప్పపువ్వు, బెల్లం, నువ్వులు, అంతే. మాకు తలా ఒకటి పెట్టబోయింది. పక్క టేబుల్ నుంచి ఒకాయన సూపర్‌వైజర్‌ని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. సూపర్‌వైజర్ వచ్చి, "ఏమ్మా, ఇది ప్యూర్ వెజ్ హోటల్. ఇట్లాంటివి ఇక్కడ తియ్యొద్దు. లోపల పెట్టు" అన్నాడు. అది పువ్వు సార్ అని మావాడు చెప్పాడు. "ఏదైనా సరే, బయటి ఫుడ్ నాట్ అలోవ్డ్. మీరేం తెస్తారో మాకేం తెలుసు" అన్నాడు.

అప్పుడే అటువైపు టేబుల్ దగ్గర పిల్లాడి పుట్టినరోజు జరుగుతోంది. బయటి బేకరీ నుంచి అట్టపెట్టెలో కేకు తెచ్చారు. కొయ్యడానికి కత్తి తెచ్చి ఇచ్చింది ఇదే హోటల్ వాళ్ళు. స్టాఫ్ అంతా నిలబడి చప్పట్లు కొట్టారు. మేం కూడా కొట్టాం.

అమ్మ పొట్లం మళ్ళీ కట్టేసింది. చెయ్యి కడుక్కొని, "నాకు చాలు బిడ్డా, పోదాం పా" అంది. ప్లేటులో సగం అట్లనే ఉంది.

ఇదీ జరిగింది. ఎవరూ కొట్టలేదు, కులం పేరుతో తిట్టలేదు, బయటికి గెంటలేదు. అందుకే కొందరికి ఇది చిన్న విషయంలా కనిపించింది. మాకు కనపడటం లేదు. రూలు చెడ్డదని మేం అనటం లేదు. బయటి తిండి వద్దనే హక్కు హోటల్‌కి ఉంటది. కానీ రూలు ఉంటే కేకుకీ ఉండాలి, ఉండకీ ఉండాలి. ఒకే గదిలో, ఒకే గంటలో అట్టపెట్టెకి కత్తి ఇచ్చి, ఆకు పొట్లాన్ని మూసెయ్యమంటే అది రూలు కాదు, చూపు. ఆ చూపు పొట్లం మీద పడకముందే అమ్మ పచ్చబొట్ల మీద పడింది.

ఇప్పుడు సీనియర్ అన్నల ప్రశ్నకు వద్దాం. డబ్బులు.

అన్నా, అవి సర్కారు పైసలు కావు. పెళ్ళిళ్ళ సీజన్లో శని, ఆదివారాలు మేం ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్‌కి పోతాం. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చేతికి గ్లౌజులు. రాత్రి ఒంటిగంట దాకా అందరి ప్లేట్లలో బిర్యానీ, పన్నీరు వడ్డించి, చివరికి మిగిలింది నిలబడి తిని హాస్టల్‌కి నడిచొస్తాం. మీలో కూడా చాలామంది ఆ పని చేసినవాళ్ళే. వడ్డించేటప్పుడు మన చెయ్యి ఎవరికీ అంటు కాదు. అదే చెయ్యి టేబుల్ ముందు కూర్చుంటే మాత్రం "ఎందుకు పోయిన్రు" అనే ప్రశ్న వస్తోంది. అది హోటల్ వాళ్ళ నోటి నుంచి రాలేదు. మన నోటి నుంచి వచ్చింది.

ఖర్చు ఎక్కువే, ఒప్పుకుంటాం. కాలేజీ హాస్టల్ పిల్లలకు డైట్ ఛార్జీ నెలకు 1500 నుంచి 2100కి 2024 చివర్లో పెంచారు. అంటే రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్ నుంచి రాత్రి అన్నం దాకా ఆ 70లోనే. ఆ హోటల్లో మీల్స్ 180. ఆరుగురికి 1080. దాని మీద సర్వీస్ ఛార్జి అని 108. రెండూ కలిపి 5 శాతం జీఎస్టీ. మొత్తం 1247. తలా 208 దాకా పడింది, అంటే దాదాపు మూడు రోజుల డైట్ ఛార్జీ. ఈ లెక్క మాకు తెలీక కాదు. ఏడాదికి ఒక్కసారైనా మన అమ్మ కూర్చుంటే వేరేవాళ్ళు వచ్చి వడ్డించడం చూడాలనుకున్నాం. దాన్ని షోకు అంటే, అవును, షోకే.

కూర్చునే హక్కు సంగతి కూడా చెప్పుకుందాం. మనలో గ్రూప్స్‌కి చదివేవాళ్ళు చాలామంది ఉన్నారు. 15వ అధికరణం అనగానే రిజర్వేషన్ గుర్తొస్తది. కానీ దాని రెండో భాగం చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి రాకుండా అడ్డుకోకూడదని అందులో ఉంది. రెస్టారెంట్ అనే మాట రాజ్యాంగంలో ఊరికే రాలేదు. అంబేద్కర్ 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికే పోరాడాల్సి వచ్చిన దేశం ఇది. మద్రాసులో హోటల్ బోర్డుల మీద "బ్రాహ్మణాళ్" అనే మాట తీసెయ్యాలని పెరియార్ 1957లో ఉద్యమం నడిపాడు. అంటే రాజ్యాంగం వచ్చిన ఏడేళ్ళకి కూడా బోర్డు మీద కులం ఉండేది. ఇప్పుడు బోర్డు మీద కులం లేదు. "మీరేం తెస్తారో మాకేం తెలుసు" అనే మాటలోకి పోయి దాక్కుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. గ్రూపులో కొందరు తమ్ముళ్ళు "ఇగ వెజ్ హోటళ్ళన్నీ బాయ్‌కాట్ చేద్దాం" అన్నారు. మేం ఒప్పుకోం. వెజ్ తిండితో మనకు పేచీ లేదు. మన ఇళ్ళల్లో రోజూ మాంసం వండుతారని పట్నంలో అనుకుంటారు. ఏ రోజు ఏం తింటామో మనకు తెలుసు. జావ, గట్క, జొన్నరొట్టె, వెదురు కొమ్ముల కూర, అడవి ఆకుకూరలు, చింతపండు పులుసు. కోడి కోసేది పండక్కో, చుట్టం వస్తేనో. వారానికి ఆరు రోజులు మనం శాకాహారులమే. బోర్డు మాత్రం పెట్టుకోలేదు.

పైగా ఈ పట్నంలో మనలాంటి పిల్లల కడుపు నింపింది చిన్న వెజ్ టిఫిన్ సెంటర్లే. టోకెన్ తీసుకుని, గుండ్రటి టేబుల్ దగ్గర నిలబడి, ఇడ్లీ చట్నీలో ముంచుకు తినే చోట నువ్వెవరు అని అడిగినవాడు లేడు. పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇటు ఆటో డ్రైవర్, మధ్యలో మేం. ఆ టేబుల్‌కి కుర్చీ లేదు కాబట్టి ముందు వరస, వెనక వరస అనే తేడా కూడా లేదు.

మా పేచీ అంతా "ప్యూర్" అనే మాటతో. ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్కకు అర్థం శాకాహారం అని మాత్రమే. మీ వంటింట్లో మాంసం వండరు, మంచిదే, "వెజ్" అని రాసుకోండి. "ప్యూర్" అని కలిపితే మిగతాది ఏమైనట్టు? మొదట గిన్నె శుద్ధం అంటారు, తర్వాత గది శుద్ధం అంటారు, ఆ తర్వాత గదిలోకి వచ్చే మనిషిని చూస్తారు. 2024 మార్చిలో జొమాటో ఏం చేసిందో గుర్తుందా? ప్యూర్ వెజ్ ఆర్డర్లు మోసేవాళ్ళకు వేరే పచ్చ డ్రెస్, పచ్చ పెట్టె అని ప్రకటించింది. జనం తిట్టేసరికి మర్నాడే పచ్చ డ్రెస్ వెనక్కి తీసుకుని, అందరూ ఎరుపే వేసుకుంటారని చెప్పింది. పచ్చ డ్రెస్ వస్తే ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ణి కొన్ని అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆపేస్తారనే భయం. డబ్బాలో ఉన్న కూరకి పెట్టిన పేరు ఒక్క రోజులో మోసేవాడి చొక్కా దాకా వచ్చింది. మన అన్నలు ఎంతమంది ఆ చొక్కా వేసుకుని తిరుగుతున్నారో మనకు తెలుసు.

ఇదే హైదరాబాద్ గురించి ఇంకో మాట. ఈ ఊరు తిండి విషయంలో పిసినారిది కాదు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు చాయ్ హోటళ్ళు పెడితే వాటిని తన సొంతం చేసుకుంది. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు చెప్పి గంటసేపు కూర్చున్నా లేవమనరు. నిజాం కాలంలో యెమెన్ వైపు నుంచి సైన్యంలోకి వచ్చిన అరబ్బుల బస్తీ బర్కస్. అక్కడి మందీ ఇప్పుడు ఊరంతా దొరుకుతుంది. ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కింద కూర్చుని అందరూ ఒక్కచోట చెయ్యి పెట్టి తినడం చూసి మా ఉట్నూరు దోస్తు "ఇది మా పండగ లెక్కనే ఉంది" అన్నాడు. ఉడిపి హోటళ్ళు, గుజరాతీ తాలీలు, కేరళ పరోటా, నేపాల్ పిల్లల మోమోలు, అన్నీ ఉన్నాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళందరికీ ఈ ఊర్లో ఒక బోర్డు ఉంది. ఇదే రాష్ట్రం అడవుల నుంచి వచ్చిన మన వంటకి మేం తిరిగినంతలో ఒక్క బోర్డూ కనపడలేదు.

మన సరుకు మాత్రం అన్ని వంటిళ్ళలోనూ ఉంది. సామలు, కొర్రలు మన అమ్మలు ఎన్నడూ వదలని పంట. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్న తర్వాత అవి మెనూల్లో "మిల్లెట్ స్పెషల్" అయ్యాయి. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ కప్పు ఖరీదు చూసి మేం వెనక్కి వచ్చేశాం. బొంగులో చికెన్ పెద్ద హోటళ్ళ స్పెషల్. సాంబారులో పులుపు మన చింతచెట్లది కావచ్చు, పంతుల భోజనంలో విస్తరి మన అక్కలు కుట్టిన అడ్డాకు కావచ్చు. మా లంబాడీ దోస్తు జోకు ఒకటుంది. బంజారాహిల్స్ అనే పేరు వాళ్ళ తాతల వల్లే వచ్చిందంటారు కదా, "మా పేరుతో ఉన్న గుట్ట మీద కాఫీ తాగాలంటే మాకే బయటనుంచి చూసుడు" అంటాడు. నవ్వుతాం. ఆ రోజు నవ్వు రాలేదు.

ఆ హోటల్లో ఇంకొకటి జరిగింది, మొదటి పోస్టులో రాయలేదు. మాకు వడ్డించిన పిల్లాడికి మా వయసే ఉంటది. జార్ఖండ్ నుంచి వచ్చాడట. బిల్లు తెచ్చినప్పుడు మెల్లగా పొట్లం వైపు చూసి "మహువా?" అన్నాడు. అవునన్నాం. "మా ఊర్లో కూడా అమ్మ చేస్తది" అని హిందీలో చెప్పి, సూపర్‌వైజర్ ఎటు ఉన్నాడో చూసుకున్నాడు. అమ్మకి హిందీ రాదు. అయినా అర్థమైంది. పొట్లం లోంచి ఒక ఉండ తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. అంటే ఆ హోటల్లో మనవాళ్ళు లేక కాదు. గిన్నెలు కడిగే వైపు ఉన్నారు, వడ్డించే వైపు ఉన్నారు. కూర్చునే వైపే లేరు.

ఇగ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. లేకపోతే ఈ పోస్టుకి అర్థం లేదు.

హోటల్‌కి బయల్దేరే ముందు "అమ్మా, తలకి కొంగు కప్పుకో" అన్నది మేమే. పచ్చబొట్టు కనపడకూడదని. లోపల కొడుకుతో ఆమె కోయలో మాట్లాడితే "తెలుగులో మాట్లాడమ్మా" అన్నది మేమే. క్లాసులో ఎవడో "మీరు చీమలు తింటారంట కదరా" అంటే "ఛ, మేం కాదు, వేరేవాళ్ళు" అని నవ్వింది మేమే. తండా నుంచి వచ్చినవాడు సళోయి అంటే ఏమిటో రూములో గర్వంగా చెప్తాడు, క్యాంటీన్‌లో అడిగితే "మటన్ కర్రీ లాంటిది" అని మాట మారుస్తాడు. సూపర్‌వైజర్ పొట్లం మూసెయ్యమన్నది ఒక్కసారి. మేం ఎన్నిసార్లు మూశామో లెక్క లేదు. ఆ రోజు గట్టిగా మాట్లాడటానికి మాకు నోరు రాలేదంటే కారణం భయం ఒక్కటే కాదు, ఆ సిగ్గు అప్పటికే మా లోపల ఉంది.

ఇంకొకటి. ఈ గ్రూపులోనే ఆదివాసీ, లంబాడీ అని రోజూ కొట్లాడుకుంటాం. ఆ వాదనల్లో ఎవరి న్యాయం వాళ్ళకుంది, దాని గురించి ఇక్కడ తీర్పు చెప్పం. కానీ ఆ టేబుల్ దగ్గర మమ్మల్ని ఐదుగురినీ ఒకే చూపుతో చూశారు. ఎవడు కోయ, ఎవడు గోండు, ఎవడు లంబాడీ అని ఎవరూ అడగలేదు.

అందుకే మేం నిర్ణయించుకున్నవి రాస్తున్నాం. మీకు నచ్చితే మీరూ చెయ్యండి.

ఒకటి, పోతాం. మానం. ఏడాదికి ఒక్కసారి పోగలిగితే ఒక్కసారే పోతాం. ఖాళీగా ఉన్న ముందు టేబుల్ అడుగుతాం. లేదంటే ఎందుకు లేదో అందరికీ వినపడేలా, మర్యాదగా అడుగుతాం.

రెండు, మన భాషలో మాట్లాడుకుంటాం. పక్క టేబుల్ వాళ్ళు గుజరాతీలో మాట్లాడితే ఎవరూ తిరిగి చూడరు. కోయకీ, గోండీకీ, గోర్ బోలీకీ అలవాటు పడేదాకా చూడనియ్యండి.

మూడు, వాళ్ళ వంటింటి పద్ధతిని గౌరవిస్తాం. మాంసం వద్దన్న చోటికి మాంసం తీసుకుపోం. కానీ రూలు చెప్పినప్పుడు "అందరికీ ఇదేనా?" అని ఒక్క ప్రశ్న అడుగుతాం. ఆ రోజు కేకు వైపు చెయ్యి చూపించి ఆ ఒక్క ముక్క అడిగి ఉంటే చాలని ఇప్పటికీ అనిపిస్తోంది.

నాలుగు, బిల్లు చదువుతాం. సర్వీస్ ఛార్జి మనం కట్టి తీరాల్సింది కాదు. బిల్లులో దానంతట అది కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి. తియ్యకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు. మేం ఇది తర్వాత తెలుసుకున్నాం. మా 108 రూపాయలు పోయినయ్, మీవి పోకూడదు. ఇయ్యాలనిపిస్తే ఆ డబ్బు వడ్డించిన పిల్లాడి చేతికే ఇయ్యండి.

ఐదు, దాచం. ఊరి నుంచి వచ్చిన పొట్లం రూములో మంచం కింద కాకుండా టేబుల్ మీద విప్పుతాం. క్లాసులో అడిగితే పేరు పెట్టి చెప్తాం.

హోటళ్ళ వాళ్ళు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు ఒక్క మాట. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకా చీకటి ఉండగానే మా అమ్మలు అడవికి పోతారు. రాత్రి రాలిన ఇప్పపువ్వుని ఒక్కొక్కటి ఏరి, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకుంటారు. చెట్టు కొట్టరు, కొమ్మ విరవరు, దానంతట అది రాలినదే తెచ్చుకుంటారు. దానికంటే ప్యూర్ వెజ్ మీ మెనూలో ఏముందో చూపించండి.

అమ్మ ఆ రాత్రే బస్సెక్కింది. పొట్లం మా రూములో పెట్టి పోయింది. నిన్న ఫోన్ చేసి హోటల్ మాటే ఎత్తలేదు. "ఉండలు తిన్నారా, బూజు పట్టినయా?" అని అడిగింది. తిన్నామమ్మా అన్నాం. నిజంగానే తిన్నాం, మెస్‌లో, అందరి ముందు. పక్క రూముల పిల్లలు కూడా వచ్చి అడిగారు. ఇంకో నాలుగు మిగిలాయి.

వచ్చే ఏడాది ఫైనల్ రిజల్ట్ రోజు అమ్మని మళ్ళీ తీసుకొస్తాం. కొంగు కప్పుకోమని చెప్పం. క్యాటరింగ్ డబ్బులు ఇప్పటినుంచే పక్కన పెడుతున్నాం. ముందు టేబుల్ మీద కూర్చుంటాం. వచ్చేవాళ్ళు చెప్పండి, టేబుల్ పెద్దది అడుగుదాం.

జోహార్.
మీ హాస్టల్ తమ్ముళ్ళం